నాలుగు రబ్బరు పాదాలు

మార్చి 4

బుడంకాయ్,

మేం బాగున్నాం, నువ్వూ బాగానే ఉండుంటావు, కాబట్టి ఆ ముచ్చట ఇంతటితో సరి. అసలు సంగతి చెప్తాను, గాబరా పడకుండా చదువు.

నిన్న మా లాంచీ కెప్టెన్ ఇంటికొచ్చాడు. ఎప్పటిలాగే పళ్ళు తెచ్చాడు. ఎప్పటిలాగే జ్వరమొచ్చిన పిల్లాడితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడాడు. నేను టీ కలిపి ఇస్తే “అబ్బ, ఎంత బాగా కలిపావయ్యా!” అన్నాడు. అందులో చక్కెర వెయ్యడం మర్చిపోయానని తర్వాత తెలిసింది. ఇంజను గది మూత తెరిచి ఉందని చూడక అందులో పడి, నడుము కింద నుంచి నాకు పట్టూ స్పర్శా పోయి రెండేళ్ళయింది కదా, అప్పటినుంచీ అందరిదీ ఇదే వరస. కింద పడ్డ చెంచా నేనే తీసుకున్నా చప్పట్లు కొట్టేలా ఉన్నారు.

ఇలా కాదని నేనే కదిపాను. “కెప్టెన్ గారూ, నా వంటగది నాకెప్పుడిస్తారు?” అన్నాను. ఆయనకి పండుముక్క గొంతుకి అడ్డం పడింది. మీ పిన్ని వీపు తట్టాల్సి వచ్చింది. మొత్తానికి ఒప్పుకున్నాడు. వచ్చే వారం లాంచీని ఒడ్డుకెక్కించి రంగులు వేయిస్తారట. జూన్ మధ్యలో మళ్ళీ ప్రయాణికులని ఎక్కిస్తారు. ఆ మొదటి రోజు వంట నాది. సరస్సు దాటి వెళ్ళి తిరిగొచ్చేదాకా ఎవరి సాయమూ లేకుండా నెట్టుకొస్తే వంటగది నాది. లేదంటే ఇప్పుడు నా చోట్లో ఉన్న డబ్బాల ఆయనే ఉంటాడు. డబ్బాల ఆయనంటే, డబ్బా మూత తీసి లోపలున్నది వేడి చెయ్యడం తప్ప ఇంకో వంట ఎరగని మనిషి.

చిక్కల్లా నా చక్రాల కుర్చీతోనే. ఆస్పత్రి వాళ్ళిచ్చిన ఈ కుర్చీ ఇంట్లో రాజాలా తిరుగుతుంది. నిన్న సాయంత్రం ఇంజను మేస్త్రిని బతిమాలి లాంచీ వంటగదిలోకి ఎక్కించుకున్నాను. లాంచీ రేవులో కట్టేసే ఉంది. పక్కనుంచి ఇసుక పడవ ఒకటి పోయింది, అంతే. పొయ్యి దగ్గరున్నవాణ్ణి తొట్టి దగ్గరికి వెళ్ళాను, అక్కణ్ణుంచి తలుపు దగ్గరికి, తలుపు దగ్గర్నుంచి మళ్ళీ పొయ్యి దగ్గరికి. చేతిలో ఉల్లిపాయ ఉంది. ఊరంతా తిరిగింది గానీ తరగబడలేదు.

నువ్వు ఎవరెవరికో కుర్చీలు తయారుచేస్తావు కదా, బాబాయికొకటి చెయ్యలేవా? నాకు ఆ వంటగది కావాలే. ఇంట్లో ఇద్దరికి వండటం కూడా ఒక వంటేనా?

మీ బాబాయి


మార్చి 11

బాబాయ్,

నీ ఉత్తరం బస్సులో చదువుతూ నవ్వాను. పక్కనున్నావిడ నావైపు అదోలా చూసి వేరే సీటుకి వెళ్ళిపోయింది. చెయ్యలేవా అని అడుగుతావేంటి? మా వర్క్‌షాపు ఉన్నదే అందుకు. మామూలు కుర్చీ వెళ్ళలేని చోటికి వెళ్ళే కుర్చీలే మేం చేసేది. పోయిన నెల, సముద్రం ఒడ్డున గొడుగులు అద్దెకిచ్చే ఆవిడకి ఇసుకలో కూరుకుపోకుండా బూరల్లాంటి టైర్లతో ఒకటి చేశాం. అంతకుముందు స్కానింగు గది కోసం చేశాం. ఆ యంత్రం ఇనుముని లాక్కుంటుందని ఒక్క మేకు కూడా లేకుండా అంతా చెక్కా ప్లాస్టిక్కే. మంచు మీద జారేది ఇంకోటి, చక్రాలకి బదులు బద్దలతో.

లాంచీ వంటగది మాత్రం మాకు కొత్త. వర్క్‌షాపు నడిపే మా మేడంతో చెప్పాను. ఆవిడ నవ్వదు, మెచ్చుకోదు, పొద్దున పలకరించినా తల ఊపి ఊరుకుంటుంది. “చెయ్” అంది. మా దగ్గర అది సన్మానంతో సమానం. ఒక పెద్ద పలకని స్ప్రింగుల మీద పెట్టి, ఊగే నేల తయారుచేశాను. మా అకౌంటెంట్ నీ అంతే లావు కాబట్టి ఆయన్ని కూర్చోబెట్టి ఊపాను. మర్నాడు ఆయన సెలవు పెట్టాడు.

ఇప్పుడు నాకు కావాల్సినవి: వంటగది వెడల్పు, పొయ్యి ఎత్తు, నేల చెక్కదా ఇనుముదా, వండేటప్పుడు నువ్వు ఎక్కణ్ణుంచి ఎక్కడికి తిరుగుతావు. నీళ్ళంటే నాకెంత భయమో నీకు తెలుసు, ఇంతవరకూ లాంచీ మెట్టు ఎక్కలేదు. కాబట్టి అక్కడ నా కళ్ళు నువ్వే. ఉన్నదున్నట్టు రాయి బాబాయ్.

(ముప్పై దాటినా ఇంకా) బుడంకాయ్


మార్చి 17

బుడంకాయ్,

కొలతలు వెనకవైపు ఉన్నాయి. కుట్టుమిషను టేపుతో మీ పిన్ని కొలిచింది కాబట్టి తప్పు పోవు. ఒడ్డుకెక్కించే ముందు చివరి గంటలో, రంగుల వాళ్ళు తొందర పెడుతుంటే, వాళ్ళని పక్కకి తోసి మరీ కొలిచింది. ఒకాయన ‘మీరెవరండీ?’ అంటే ‘టేపు చివర పట్టుకో’ అందట. పట్టుకున్నాడట.

వంటగది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒకవైపు పొయ్యి, దాని ఎదురుగా తరిగే బల్ల, చివర నీళ్ళ తొట్టి. లాంచీ ఊగితే గిన్నెలు జారిపోకుండా పొయ్యి చుట్టూ ఇనుప కమ్మీ ఉంటుంది, అదే తొట్టి మీదుగా బల్ల దాకా పోతుంది. నేల ఇనుప రేకు, ఎప్పుడూ తడే. ఎక్కడెక్కడికి తిరుగుతానో రాయమన్నావు. అదెవరు గుర్తుపెట్టుకుంటారే? నువ్వు నడిచేటప్పుడు ముందు ఏ కాలు వేస్తావో చెప్పగలవా? వండుతాను, అంతే.

కుర్చీ అటూ ఇటూ పోకుండా ఉంటే చాలు, మిగతాది నా చేతులు చూసుకుంటాయి.

మీ బాబాయి


ఏప్రిల్ 9

బాబాయ్,

కుర్చీ లారీలో బయల్దేరింది. అది నీ దగ్గరికి వచ్చేలోపు ఒక మాట చెప్పాలి. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళు గీసిన కుర్చీలకి నేను మరలు బిగించాను. ఇది మొదటి గీత నుంచీ నేను చేసిన మొదటి కుర్చీ. లారీ వెళ్ళిపోయాక కాసేపు గేటు దగ్గరే నిలబడిపోయాను, పిల్లని బడికి పంపినట్టు.

కింద రెండు రబ్బరు పాదాలుంటాయి చూడు. పక్కనున్న మీట రెండు చేతులతో లాగితే అవి దిగి నేలని పట్టుకుంటాయి. ఇక ఏనుగు తోసినా కదలదు. అకౌంటెంట్ మీద పరీక్ష చేశాం. కుర్చీ కదల్లేదు, ఆయన కళ్ళజోడు ఎగిరి పడింది.

వాడి చూసి ఎక్కడ బాగోలేదో రాయి. మేడం అడుగుతోంది. ఈ కుర్చీ ఎలా ఉందన్నదాన్ని బట్టే నాకు ముందు ముందు సొంత పని ఇస్తుందో లేదో తేలుతుంది.

బుడంకాయ్


ఏప్రిల్ 16

బుడంకాయ్,

కుర్చీ అందింది. ఏం చెప్పమంటావు? బ్రహ్మాండం! మన ఇంటావంటా ఇలాంటి బుర్ర ఎవరికీ లేదు. ఆ రెండు పాదాలు దిగాయంటే కుర్చీ భూమిలోంచి మొలిచినట్టు నిలబడుతుంది. మీట నున్నగా ఉంది. రంగు కూడా బాగుంది. వంక పెట్టడానికి కళ్ళద్దాలు పెట్టుకుని వెతికినా ఏమీ దొరకలేదు. లాంచీ ఇంకా ఒడ్డునే ఉంది కాబట్టి ఇంట్లోనే వాడి చూశాను.

మీ మేడంకి నా నమస్కారాలు చెప్పు. ఇలాంటి పిల్ల తన దగ్గర ఉండటం ఆవిడ అదృష్టమని కూడా చెప్పు.

మీ పిన్ని ఈ ఉత్తరంలో తనూ రెండు ముక్కలు రాస్తానంటోంది. కాగితం అయిపోయింది.

మీ బాబాయి


ఏప్రిల్ 22

బాబాయ్ బాబాయ్ బాబాయ్,

నీ ఉత్తరం మేడంకి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివి, లేచి, సొరుగులోంచి పిన్నులు తీసి, దాన్ని గోడకి అంటించింది! మా గోడకి ఇప్పటిదాకా నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో చెప్పే కాగితం తప్ప ఏమీ లేదు. ఇప్పుడు వచ్చేపోయేవాళ్ళంతా నువ్వు నా బుర్ర గురించి రాసింది చదువుతున్నారు.

నీకు ఆ పాదాలు అంత నచ్చాయి కాబట్టి ఊరుకోబుద్ధి కాలేదు. ఇంకో రెండు పెట్టి, మొత్తం నాలుగు పాదాలతో రెండో కుర్చీ మొదలుపెట్టాను. మీట ఇంకా గట్టిది. ఈసారి ఏనుగు కాదు, రైలు తోసినా కదలదు. నెలాఖరుకి పంపిస్తాను. మొదటిది ఇంట్లోకి ఉంచుకో.

మునగచెట్టు ఎక్కాను, దింపకు.

బుడంకాయ్


మే 6

మహారాజశ్రీ వర్క్‌షాపు మేడం గారి గోడకు, మరియు దానిని చదువు పెద్దలందరికీ,

లాంచీ వంటవాడినైన నేను సంతోషపూర్వకముగా తెలియజేయునది ఏమనగా, నాలుగు పాదములు గల కుర్చీ నిన్నటి దినమున క్షేమముగా చేరినది. ఇట్టి కుర్చీ ఇంతకుమునుపు లేదు, ఇకమీదట ఉండబోదు. దీనిని రూపొందించిన మా అన్నగారి కుమార్తె వినయవిధేయతలు గలది, చిన్ననాటి నుండియు ఇంటిలోని గడియారములు విప్పి తిరిగి బిగించునది (ఒకటి మాత్రము తిరుగలేదు). ఆమెకు మరిన్ని పనులు అప్పగించవలసినదిగా కోరుచున్నాను.

ఇట్లు,
వంటవాడు

బుడంకాయ్, గోడకి సరిపోతుందా? ఇంకా ఏమైనా కలపాలంటే రాయి.


మే 12

బాబాయ్,

నీ ఉత్తరం చదివి అకౌంటెంట్ లేచి నిలబడ్డాడు. గోడ మీద రెండోది కూడా ఎక్కింది.

పెద్ద కబురు. మేడం ఇలాంటివే ఇంకో ఐదు చెయ్యమంది. చేపల పడవలో వలలు బాగుచేసే ఆయనకొకటి, ఏటి మీద తిరిగే ఆస్పత్రి పడవలో పనిచేసే డాక్టరమ్మకొకటి, ఇంకా ముగ్గురున్నారు. “మీ బాబాయి పరీక్షించి బాగుందన్నాడు కదా, అదే చెయ్” అంది. వచ్చే సోమవారం నుంచి ఇనుము కోస్తున్నాం.

కానీ ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోకు. నీ ఉత్తరాలు ఈమధ్య నీలా లేవు. నవ్వొస్తుంది, కానీ ఉల్లిపాయ ఎటు పోయిందో రాసే బాబాయి అందులో కనిపించడు. లాంచీ నీళ్ళలోకి దిగిందో లేదో కూడా రాయలేదు. మళ్ళీ లాంచీ ఎక్కాలని నిజంగా ఉందా, లేక కెప్టెన్ దగ్గర అనేశాను కదా అని లాక్కొస్తున్నావా? వద్దనుకుంటే వద్దనుకో. ఎవరూ నిన్నేమీ అనరు. నువ్వు ఇంట్లో కూర్చున్నా నాకు బాబాయివే.

బుడంకాయ్


మే 15

బుడంకాయ్,

ఈ ఉత్తరం గోడకి అంటించకు.

ఇంట్లో కూర్చున్నా పర్వాలేదన్న నీ ఉత్తరం అందిన రోజే జరిగింది. లాంచీ నీళ్ళలోకి దిగింది, ఇంజను పరీక్షకి సరస్సులో ఒక చుట్టు తిప్పుతున్నారంటే నేనూ ఎక్కాను, నీ నాలుగు పాదాల కుర్చీతో. పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు పెట్టాను. మలుపు తిరిగేటప్పుడు లాంచీ ఒక పక్కకి ఒరిగింది. కుర్చీ కదల్లేదు. నేను కదిలాను. కాళ్ళతో ఆనుకోలేను కదా, నడుము పైభాగమంతా పొయ్యి మీదికి వంగిపోయింది. చేత్తో గిన్నె పట్టుకున్నాను, అది ఒళ్ళోకి ఒలికింది. నాకేమీ తెలీలేదు. ఇంజను మేస్త్రి తలుపు దగ్గర్నుంచి “నీళ్ళు! నీళ్ళు!” అని అరిస్తే అప్పుడు చూసుకున్నాను, తొడలు రెండూ తడిసి ఉన్నాయి. ఆ నీళ్ళు ఇంకా కాగలేదు, గోరువెచ్చగా ఉన్నాయి. కాగిన తర్వాత ఒలికి ఉంటే నాకు అప్పుడు కూడా తెలిసేది కాదు, తల్లీ. 

ఇక కుండ బద్దలు కొట్టినట్టు చెప్తాను. నీ కుర్చీ బాగోలేదు. మొదటిదీ బాగోలేదు, రెండోది దానికన్నా బాగోలేదు. మీట లాగడానికి రెండు చేతులు కావాలి. వంటవాడికి ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో గరిటె ఉంటాయి, మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి తేను? పొయ్యి దగ్గర పాదాలు దించాక వెనకున్న బల్ల అందదు. పాదాలు ఎత్తుదామంటే సరిగ్గా అప్పుడే లాంచీ ఊగుతుంది. కుర్చీకి చేతులానించే కమ్మీలు ఇనుపవి, పొయ్యి వేడికి అట్లకాడల్లా కాలుతున్నాయి. అసలు నావి రెండు పాదాలు పనిచెయ్యట్లేదు, నువ్వు ఇంకో నాలుగు పంపావు. ఆరింటినీ మొయ్యలేక చస్తున్నాను.

మొదటి కుర్చీ మీద మీ పిన్ని పూలకుండీలున్నాయి. అది మాత్రం నిజమే, గాలివానకి కూడా కదల్లేదు.

ఎందుకు చెప్పలేదంటావు. మీ నానమ్మ మమ్మల్ని పెంచిన తీరు నీకు తెలుసు. ఒకళ్ళు చేసిపెట్టినదాన్ని బాగోలేదంటే కంచం ముందునుంచి లేపేసేది. పైగా నువ్వు మొదటి కుర్చీ అన్నావు, మేడం చూస్తోందన్నావు, గోడకి అంటించిందన్నావు. నేను పెదవి విరిస్తే నీ పని పోతుందనుకున్నాను. కానీ ఇప్పుడు ఐదుగురి సంగతి వచ్చింది. ఆ డాక్టరమ్మ చేతిలో సూది ఉంటుంది. ఆపెయ్యి. ఇనుము కొయ్యకు.

నాకు లాంచీ ఎక్కాలని ఉంది. చెప్పలేనంత ఉంది.

మీ బాబాయి

(ఈసారి కాగితంలో చోటు ఉంచారు. ఏప్రిల్‌లోనే చెప్పమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను తల్లీ. ఈయన తొడలకి ఏమీ కాలేదు, నేను చూశాను. — పిన్ని)


మే 18

బాబాయ్,

ముందు తొడల సంగతి చదివి ఏడ్చాను. తర్వాత పూలకుండీల సంగతి చదివి ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఆరు పాదాల దగ్గర నవ్వాను. ఈ మూడూ అకౌంటెంట్ ముందే జరిగాయి, పాపం మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

నీకు చక్కెర లేని టీ బాగుందంటే కెప్టెన్ మీద కోపమొచ్చింది కదా. కింద పడ్డ చెంచా తీసుకుంటే చప్పట్లు కొడుతున్నారని రాశావు కదా. మరి నువ్వు నాకు చేసిందేంటి? నేనేమైనా జ్వరమొచ్చిన పిల్లనా? నేను కుర్చీలు చేసే మనిషిని బాబాయ్. బాగుందంటే నాకు ఏమీ తెలీదు. నువ్వు బాగుందన్నకొద్దీ నేను పాదాలు పెంచుకుంటూ పోయాను. ఇంకో ఉత్తరం వచ్చుంటే నీకు జెర్రిని పంపేదాన్ని.

కానీ నాదీ తప్పుంది. ఇంట్లో కూర్చున్నా పర్వాలేదని రాశాను చూడు, అది నీతో మిగతా వాళ్ళంతా అనే మాటే. నేను అనకుండా ఉండాల్సింది. పైగా లాంచీ ఎక్కకుండా లాంచీ కుర్చీ చేశాను. 

నీ ఉత్తరం మేడంకి చూపించాను. అంటించొద్దన్నావు కాబట్టి అంటించలేదు. ఆవిడ చదివి, గోడ మీదున్న రెండూ పీకి నా చేతికిచ్చి, “మీ బాబాయి ఇప్పుడు పనికొచ్చే మాట రాశాడు. ఐదూ ఆపు. వెళ్ళి చూసిరా” అంది. నా పని పోలేదు. ఆవిడ నవ్విందని అకౌంటెంట్ అంటున్నాడు, నేను నమ్మట్లేదు.

నాలుగు రోజుల్లో బయల్దేరుతున్నాను. నన్ను లాంచీ ఎక్కించు. నేను పట్టుకోవడానికి ఏదైనా గట్టిది చూసి ఉంచు.

బుడంకాయ్


మే 28

బాబాయ్,

ఇల్లు చేరాను. నేల ఇంకా ఊగుతోంది. పిన్ని ఇచ్చిన నిమ్మకాయ దారంతా వాసన చూస్తూనే వచ్చాను. లాంచీ రెయిలింగు కొత్త రంగు నావల్లే పాడైందని కెప్టెన్‌కి ఇంకోసారి క్షమాపణ చెప్పు.

నన్ను నీ కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు తువ్వాలుతో కట్టేసి, గుడ్డు వేయించమన్నావు చూడు, అప్పుడు నీ మీద పీకలదాకా కోపమొచ్చింది. ఇప్పుడు దణ్ణం పెడుతున్నాను. లాంచీ ఒరగ్గానే నేనేం చేశానో నువ్వు చూశావా? మీట వైపు చూడనైనా చూడలేదు. మోచెయ్యి పొయ్యి కమ్మీకి మెలేశాను. రెండు చేతుల్లో పెనమూ గరిటే అలాగే ఉన్నాయి. గుడ్డు మాత్రం గోడకి అంటుకుంది, ఈసారి పిన్నులు కూడా అక్కర్లేకుండా.

కుర్చీ నేలని పట్టుకోకూడదు బాబాయ్. కమ్మీని పట్టుకోవాలి. రాగానే కొత్త కుర్చీ గీశాను, పాదాలన్నీ తీసేశాను. వాటి చోట పక్కన రెండు కొక్కేలున్నాయి. అవి పొయ్యి కమ్మీనో బల్ల కమ్మీనో పట్టుకుని ఉంటాయి. నువ్వేమీ చెయ్యకపోతే గట్టిగా బిగుసుకునే ఉంటాయి. మోచేతి దగ్గరున్న పలక నొక్కితే వదులవుతాయి, కమ్మీ వెంబడి జరగొచ్చు. మోచెయ్యి తీస్తే మళ్ళీ పట్టు. ఇన్నాళ్ళూ నేను తిరగేసి ఆలోచించాను, పట్టుకోవడానికి నీతో పని చేయించాను. బల్ల వైపు తిరగాలంటే కుర్చీ తిరగదు, నువ్వు కూర్చున్న పీట ఒక్కటే తిరుగుతుంది. దాని కింద మందపాటి రబ్బరు దిండ్లు వేశాను, లాంచీతో పాటు నువ్వూ కాస్త ఊగుతావు. ఛాతీకి పట్టీ ఉంది. ఒళ్ళో తోలు దుప్పటి, నీళ్ళు పడితే పక్కకి జారిపోతాయి. చేతులానేది చెక్క.

జూన్ మొదటి వారంలో లారీలో పంపిస్తాను. ఇందులోనూ తప్పులుంటాయి. వెతికి రాయి. బాగుందని రాస్తే ఉత్తరం వెనక్కి పంపిస్తాను.

బుడంకాయ్


జూన్ 15

బుడంకాయ్,

అడిగావు కాబట్టి ముందు తిట్లు. పీట తిరిగేటప్పుడు కీచుమంటోంది, ప్రయాణికులు ఎలుక అనుకున్నారు. ఛాతీ పట్టీ చంకలో ఒరుసుకుంటోంది. తొట్టి దగ్గర మూల మలుపులో కొక్కెం ఒక క్షణం గాలిలో ఉంటోంది, అది సరిచెయ్యకుండా డాక్టరమ్మకి పంపకు. తోలు దుప్పటి పనిచేసింది. ఎలా తెలిసిందో నువ్వే ఊహించుకో, మీ పిన్నికి చెప్పకు.

ఇక నిన్నటి సంగతి. లాంచీ కిటకిటలాడిపోయింది. మీ పిన్ని టికెట్టు కొనుక్కుని ఎక్కింది, నావైపు చూడనని ఒట్టేసి. వంటగది కిటికీ ఎదురుగా కూర్చుని, పేపరు తలకిందులుగా పట్టుకుని చదివింది. పోయేటప్పుడు సరస్సు బల్లలా ఉంది. టీ, గుడ్లు, బంగాళాదుంపలు, అన్నీ వరసగా బయటికి పంపాను. మోచేతి పలక నాకింకా అలవాటు కాలేదు, నొక్కాల్సిన చోట మర్చిపోయి కుర్చీతో పోట్లాడాను. అందుకే నెమ్మదైంది. అవతలి ఒడ్డు వచ్చేసరికి ఇంకా కొన్ని బల్లలకి ప్లేట్లు అందలేదు.

తిరుగు ప్రయాణంలో గాలి లేచింది. కెప్టెన్ మైకులో అందరినీ కూర్చోమన్నాడు. పొయ్యి మీద సూప్ మరుగుతోంది. లాంచీ ఒరిగింది, నేనూ ఒరిగాను, కొక్కేలు కిర్రుమని పట్టుకున్నాయి. ఇటు ఒరిగింది, ఇటూ పట్టుకున్నాయి. గిన్నె ఒక చేత్తో ఆపి, గరిటె ఒక చేత్తో తిప్పుతూ, కమ్మీ వెంబడి బల్ల దాకా జరిగాను. జరిగానే, నా అంతట నేను! డబ్బాల ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు, నాకేమైనా అయితే అందుకోమని చెప్పి ఉంచారట. కాసేపు చూసి, ఆయనే వెళ్ళి ఒక బల్ల దగ్గర కూర్చుని సూప్ అడిగాడు.

రేవు చేరాక అందరూ దిగిపోయారు. కెప్టెన్ వంటగదిలోకి వచ్చాడు. మీ పిన్ని వెనకే ఉంది.  ఆయన పళ్ళు తేలేదు, మెల్లగా మాట్లాడలేదు. “టీ చల్లారిపోయింది. గుడ్లు చెప్పు అట్టల్లా ఉన్నాయి. సగం మంది ఆకలితో దిగారు, నా మీద పడి అరిచారు. రేపు కూడా ఇలాగే అయితే ఊరుకోను, చెప్తున్నా!” అని తలుపు ధడేలుమని వేసుకుని వెళ్ళిపోయాడు.

మీ పిన్నికి ముక్కుపుటాలు అదిరాయి. “మొదటి రోజు, ఈ స్థితిలో మనిషి, నోరెలా వచ్చింది ఆయనకి!” అని కొంగు బిగించి వెనకాలే పోబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. రెండేళ్ళుగా ఆయన నాతో రోగితో మాట్లాడినట్టు మాట్లాడాడు బుడంకాయ్, నిన్న వంటవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఎంత హాయిగా ఉందో నీకెలా చెప్పను!

“ఆగవే,” అన్నాను మీ పిన్నితో. “రేపు అన్నాడు, వినలేదా?”

మీ బాబాయి